తొర్రూరు బొబ్బెర్లు

ఆ ఏడు తొలకరి రాకపోయినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వాన మీద కోపం పెట్టుకునే రైతుబిడ్డ ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది, నేనే.

నేను జనగామలో తినే సరుకులు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టుని. మొగుళ్లపల్లి దగ్గర మా ఊళ్లో మాత్రం నన్ను డాక్టరమ్మ కిందే జమకడతారు, ఎంత చెప్పినా వినరు. నిజానికి మేం చేసేదల్లా పాలలో నీళ్లెన్ని, కారంలో రంగెంత, నూనెలో నూనె ఎంత అని చూడడమే. పప్పులో పురుగుల మందు కలిసిందా లేదా అని తేల్చే మిషన్ ఒకటి మా దగ్గర లేకపోలేదు. ఏసీ గదిలో నీలం కవరు కప్పుకుని కొత్తకోడలిలా కూర్చుని ఉండేది. దానికి కావలసిన గ్యాసు పైపులు బిగించలేదు. ఏ మందు ఏదో పోల్చి చూసుకోవడానికి దగ్గర ఉండాల్సిన అసలు మందుల నమూనాలు కొనలేదు. నడపడం నేర్చుకొచ్చిన ఒక్క మనిషినీ వేరే జిల్లాకు బదిలీ చేశారు. రెండు దసరాలకు మేమంతా ఆ మిషన్‌కు బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టాం. క్రైస్తవుల పిల్లనైనా నేనూ పక్కన నిలబడి కొబ్బరి ముక్క తిన్నాను. దాని నోట్లో మాత్రం ఒక్క గింజ పెట్టింది లేదు.

ఆ ఎండాకాలం పై ఆఫీసువాళ్లు వీడియో మీటింగు పెట్టి, ఎక్కడైనా తిండిలో మందు కలిస్తే వెంటనే కనిపెట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నారా అని అడిగారు. మా హెడ్డు సునంద మేడమ్ "సిద్ధంగా ఉన్నాం సార్" అన్నారు. మీటింగయ్యాక నా మొహం చూసి నిట్టూర్చారు.

"మరేమనమంటవు జ్యోత్స్నా? లేమంటే, ఎందుకు లేరని మళ్ల నన్నే అడుగుతరు."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ పైపుల కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు.

ఆ సెలవుల్లోనే నా మేనకోడలు సుష్మిత కొన్నాళ్లు నా దగ్గరుంది. మా తమ్ముడు జయపాల్‌కు ఒక్కతే బిడ్డ. నాలుగో తరగతికొచ్చిన పిల్లకు నలభై ఏళ్ల ఆడమనిషికున్నంత పెత్తనం. ల్యాబ్‌కు తీసుకుపోతే తిన్నగా ఏసీ గదిలో దూరి నీలం కవరు పైకెత్తింది.

"అత్తా, ఇందుల మా నాయినమ్మ గుడాలు పెడితే ఏమొస్తది?"

"ఉప్పు తక్కువైందని వస్తది."

"మా నాయినమ్మ గుడాలల్ల ఉప్పు ఎన్నడు తక్కువ గాదు. నీ మిషన్ దొంగది" అని కవరు కిందికి లాగేసింది.

గుడాలంటే ఉడకబెట్టిన బొబ్బెర్లే, కొందరు అలసందలంటారు. వాటిలో ఇంత ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి గిన్నె చేతికిస్తే దానికిక అన్నం మాటే గుర్తుండేది కాదు. తొలి వాన పడిన నాడు పొలం నుంచి తడిసి వచ్చేవాళ్లకు వేడివేడి గుడాలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నాయిన బతికున్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మ చంద్రమ్మ ఎన్ని పనులున్నా అది మానదు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

బడులు తెరిచే ముందు జయపాల్, అతని భార్య షారోన్ కలిసి తొర్రూరు పోయొచ్చారు. షారోన్ తల్లిగారి ఊరది. వచ్చేటప్పుడు వాళ్లమ్మ పెట్టిన బొబ్బెర్లు తెచ్చుకున్నారు. ఆ సంగతి కూడా సుష్మితే నాకు ఫోన్ చేసి చెప్పింది. వాన పడగానే నువ్వు కూడా రావాలి, లేకపోతే నీ వాటా నేనే తింటా అని బెదిరించింది.

మొదటి వాన పడిన సాయంత్రం జయపాల్ ఫోన్ చేశాడు. ఇక్కడ జనగామలోనూ వాన దంచుతోంది. "పడ్డదారా మనకు?" అని సంబరంగా అడిగాను.

"పడ్డదక్కా" అన్నాడు. "సుష్మిత లేదక్కా."

వాళ్లిద్దరూ చేలో పత్తి గింజలు పెడుతుండగా ఇంట్లో అవ్వ గుడాలు ఉడకబెట్టింది. అందరూ వచ్చేదాకా ఆగమంటే సుష్మిత ఆగలేదు, వేడివేడివే గిన్నెలో వేయించుకుని తినేసింది. కాసేపటికి కక్కింది. ఒళ్లంతా చెమట, నోటెంట నురగ. ఆటోలో భూపాలపల్లి తీసుకుపోయారు. అక్కడ సూదులేసి, తిండితో పురుగుల మందు లోపలికి పోయిందని చెప్పి, అంబులెన్సులో వరంగల్ పంపారు. పరకాల దాటకముందే ప్రాణం పోయింది.

నేను పోయేసరికి ఇల్లంతా కడిగి ఉంది. చావు జరిగిన ఇంట్లో వండిన మెతుకు ఉంచకూడదని చుట్టుపక్కల ఆడవాళ్లు మిగిలిన గుడాలు తీసుకుపోయి పెంటకుప్పలో పారబోసి, గిన్నెలు బూడిదతో తళతళలాడేలా తోమి బోర్లించారు. చర్చికి పోయే ఇల్లయినా ఆ పట్టింపు మాత్రం మమ్మల్ని వదల్లేదు. మేలు చేస్తున్నామనుకునే చేశారు పాపం. "మిగిలినయి ఏవి?" అని నేనడిగితే, శవం ముందర తిండి అడుగుతున్నానేమో అన్నట్టు చూశారు. వాళ్లకేం చెప్పను? నా ఉద్యోగం అలాంటిది.

వెనక అర్రలో రెండు కుండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో విత్తనానికి దాచిన బొబ్బెర్లు. పురుగు పట్టకుండా జయపాల్ వాటికి మందుపొడి పట్టించి పెట్టాడు. చూడ్డానికి బూడిదలానే ఉంటుంది. రెండోదాంట్లో తొర్రూరు నుంచి తెచ్చిన, తినే బొబ్బెర్లు. రెండింటి మూతికీ పాత చీర గుడ్డలే కట్టి ఉన్నాయి. వానొచ్చిన పూట మబ్బు కమ్మి, కరెంటు పోయింది. అవ్వ కళ్లలో పొర. చలికాలంలో ఆపరేషన్ చేయించుకుందువుగానీ అని నేనే వాయిదా వేయించాను.

సమాధి చేసి తిరిగొచ్చాక షారోన్ అప్పటిదాకా బిగబట్టిందంతా బయటికి వచ్చింది.

"నా బిడ్డకు మందు వండి పెట్టినవ్ అత్తమ్మా! కండ్లు కనపడకపోతే ఆగొచ్చు గద! నేనొచ్చి వండకపోదునా!"

"దేవుని తోడు బిడ్డా, తినే కుండలకెల్లే తీసిన" అంది అవ్వ. "నా చెయ్యి నాకు తెల్వదా? ఆ కుండ మూతి జర పలిగి ఉంటది. చేతికి తాకింది. ఆ కుండే."

ఆహార తనిఖీ అధికారి మహేశ్ మరునాడు వచ్చాడు. మూడు జిల్లాలకు ఆయన ఒక్కడే. మోటార్ సైకిల్ మీద తడిసి ముద్దయి వచ్చి, రెండు కుండల్లోంచి గింజలు కవర్లలోకి తీసుకున్నాడు. జల్లు అర్రలోకి కూడా కొడుతోంది. ఆయన చొక్కా చేతుల నుంచి కారిన నీళ్లు కవర్లలో పడ్డాయేమో, అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

"ఈ తినే బొబ్బెర్లు ఎక్కడియి?" అని అడిగాడు.

"తొర్రూరుకెల్లి తెచ్చినం సార్, బస్సుల" అన్నాడు జయపాల్.

"దేంట్ల తెచ్చిండ్రు?"

"సంచిల."

"ఆ సంచిల ఇంకేమన్న ఉండెనా?"

గోడకు ఆనుకున్న షారోన్ తల దించుకుంది.

"పత్తికి కొట్టే మందు డబ్బ ఉండె సార్. అక్కడ అగ్గువకు దొరుకుతదని కొన్న." అన్నాడు జయపాల్. "దిగినంక చూస్తే సంచి అడుగు తడిగుండె. నీళ్ల సీసా కారిందనుకున్న."

అప్పుడు చూశాను అవ్వ మొహం. అప్పటిదాకా దేవుని మీద ఒట్లు పెట్టిన మనిషి కొడుకు వైపు ఒక్కసారి చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సారూ, నేనే పొరపాటు పడ్డట్టున్న" అంది. "చీకట్ల విత్తనాల కుండల చెయ్యి పెట్టినట్టున్న. ముసలిదాన్ని, నా మాటేం పట్టుకుంటరు?"

"నిన్న పలిగిన మూతి తాకిందంటివి గదనే" అన్నాను.

"తాకలే. నువ్వు ఊకో."

కుండలో పొడీ, డబ్బాలో నీళ్లమందూ ఒకటే జాతివి. అందుకని పాప కడుపులో ఏముందో పరీక్షిస్తే తేలేది కాదిది. తినే కుండలో మందుంటే బిడ్డ చావు జయపాల్ తెచ్చిన సంచిది. లేకుంటే అవ్వ చేతిది. ఆ కవర్లో గింజలు చెప్తే తప్ప మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేరు.

కవర్లు మా ల్యాబ్‌కే వచ్చాయి. సునంద మేడమ్ వాటిని నా చేతికివ్వకుండా తన బల్ల మీదే పెట్టుకున్నారు.

"మీ ఇంటి గింజలు నువ్వు ముట్టద్దు జ్యోత్స్నా. ముట్టినా మనమేం చేస్తం? హైదరాబాద్ పంపుత."

పక్క గదిలో నీలం కవరు కింద మిషన్ ఉంది. ఆ రోజు నేను లోపలికి పోయి దాన్ని ఒక్క తన్ను తన్నాను. నా కాలు వాచింది తప్ప దానికేం కాలేదు. దొంగ మిషన్ అన్నది ఊరికే అన్లేదు నా మేనకోడలు.

తర్వాత పత్తి మొలకెత్తింది, కలుపుకొచ్చింది. హైదరాబాద్ నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. రాష్ట్రంలో ఉన్న నమూనాలన్నీ అక్కడికే పోతాయి, మన వంతు రావాలి అనేవారు. అవ్వ పొద్దున్నే ఫోన్ చేసేది.

"మిషన్ ఏమన్నదే బిడ్డా?"

"ఇంక కాలేదవ్వా."

"నీ కాడ గూడ ఒకటి ఉన్నదని పిల్ల చెప్పింది గద."

"ఉన్నది. నడుస్తలేదు."

"నడవందానికి మరెందుకు ఉన్నది?"

అవ్వ గొంతు తగ్గించింది.

"జయపాల్ బువ్వ ముడుతలేడే. చేన్ల గుడిసెల పడి ఉంటున్నడు. మందు డబ్బలన్ని షారోన్ పక్కింట్ల దాచిపెట్టింది, నాకు దడ దడ ఉన్నది. ఆ కుండ మంచిదని జర జల్ది చెప్పిపియ్యి. నీకు దండం పెడత. వాడు మిగులుతడు."

"మంచిదైతే తప్పు నీదైతది గదవ్వా."

"నాదే అనుకో. నేనెన్ని దినాలుంట?"

అవ్వ నాకు దండం పెడతాననడం అదే మొదలు. ఫోన్ పెట్టేసి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

చివరికి హైదరాబాద్ నుంచి జవాబొచ్చింది. కవర్లలోకి తడి చేరి గింజలు బూజు పట్టాయట, పరీక్షకు పనికిరావట. మేడమ్ నాకు చెప్పడానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. నేను మహేశ్‌కు ఫోన్ చేసి బతిమాలాను. కుండ ఇంట్లోనే ఉంది కదా, మళ్లీ వచ్చి తీసుకోమన్నాను. మానుకోటలో పెళ్లి భోజనాల కేసుందని, సోమవారం వస్తానని చెప్పాడు. వెంటనే ఇంటికి చేశాను. ఫోన్ అవ్వే ఎత్తింది.

"కాగితం వచ్చింది, పనికిరాదన్నరు. సోమవారం సారు మళ్ల వస్తడు. అందాక ఆ కుండ ఎవ్వరు ముట్టకుండ్రి."

"మళ్ల ఇన్ని దినాలు ఆగాల్నా?" అంది అవ్వ.

"ఆగాలె."

"గట్లనా" అని పెట్టేసింది.

ఆ గొంతు నాకు నచ్చలేదు. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను. వరంగల్‌లో ఒకటి, పరకాలలో ఒకటి మారి ఊళ్లో దిగేసరికి చర్చిలో ఆఖరి పాట వినిపిస్తోంది. మబ్బు పట్టి ఉంది. అవ్వ వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుని, పండగలకు కట్టే చీర కట్టుకుంది. పక్కన కడిగిన పళ్లెం, ఆ పక్కన మూతి పగిలిన కుండ బోర్లించి ఉంది.

"కుండల బొబ్బెర్లేవి అవ్వా?"

"వండిన."

"ఏం జేసినవ్?"

"తిన్న. ఉల్లిగడ్డ ఏసుకొని, నిమ్మకాయ పిండుకొని. మిగిలినయి బొంద తీసి పూడ్సిన, కోళ్లు తింటయని." అవ్వ నా వైపు చూసి నవ్వబోయింది. "సూడు, నాకేమన్న అయిందా? ఏం కాలే. కుండ మంచిదే. నా కొడుకు తెచ్చిన సంచి మంచిదే. నీ సారుకు చెప్పు."

"ఎంత సేపైంది?"

"జరంత సేపాయె. ఈ పాటకు ముందటి పాటప్పుడు తిన్న."

ఒక పళ్లెం తింటే కుండంతా తెలియదు, మందు కారితే సంచిలో ఒక పక్కనే కారి ఉండొచ్చు, చిన్నపిల్ల ఒళ్లూ పెద్ద మనిషి ఒళ్లూ ఒకటి కాదు, మందు పనిచేసే వేళ ఇంకా మించలేదు. చదివిందంతా గుర్తొస్తోంది గానీ నోట్లోంచి "అవ్వా, అవ్వా" తప్ప ఇంకో మాట రావడం లేదు.

అప్పుడే చర్చి నుంచి షారోన్ వచ్చింది. చేతిలో బైబిలు, నెత్తి మీద కొంగు. మొదట పళ్లెం చూసింది, తర్వాత కుండ చూసింది, తర్వాత నా మొహం. బైబిలు మెట్టు మీద పెట్టి లోపలికి పరుగెత్తి, చెంబులో ఉప్పునీళ్లు కలుపుకుని వచ్చింది. అవ్వ మెడ కింద చెయ్యి వేసి చెంబు నోటికి ఆనించింది.

"తాగు."

"ఇడువు పిల్లా!" అవ్వ మొహం తిప్పుకుంది. "ఇంక జరసేపు ఆగు. తేలిపోతది. నీకు గూడ మంచిదే గద!"

"తేలకపోతే తేలకపోనీ! తాగు అత్తమ్మా!"

బిడ్డను సమాధి చేసొచ్చిన ఆ పూట తర్వాత షారోన్ అవ్వను అత్తమ్మా అని పిలవలేదు. అవ్వ ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ సందులోనే షారోన్ నీళ్లు పోసి, రెండు వేళ్లు గొంతులో పెట్టి కక్కించింది. ఇంకా కక్కు, ఇంకా కక్కు అని వీపు మీద చరుస్తూ, తనే వెక్కివెక్కి ఏడ్చింది. అవ్వ ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి, ఆ పిల్ల చేతిలో అలా వంగిపోయి కూర్చుంది. నేను మరో చెంబు నీళ్లు తెచ్చి ఇవ్వడం తప్ప ఏమీ చేయలేదు.

అంతా అయ్యాక షారోన్ తన కొంగుతోనే అవ్వ మూతి తుడిచింది.

"ఖరాబు చేసినవ్ బిడ్డా" అంది అవ్వ మెల్లగా. "ఇప్పుడెట్ల తెలుస్తది?"

ఆటో పిలిపించి అవ్వను దవాఖానకు తీసుకుపోయాం. రాత్రంతా ఉంచుకుని, ఏం లేదు, పొమ్మన్నారు. కుండ మంచిది కాబట్టి ఏం కాలేదో, కక్కింది కాబట్టి ఏం కాలేదో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రాత్రి కురిసిన వానకు వాకిలంతా కోసుకుపోయి, పూడ్చిన గింజలూ బురదలో కలిసిపోయాయి. సోమవారం మహేశ్ వచ్చి ఖాళీ కుండ చూసి, మా అందరినీ తిట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

దవాఖాన వరండాలో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ షారోన్ నాతో మాట్లాడింది.

"వదినా, తొర్రూరుల ఆ సంచి సదిరింది నేనే. ఆయన డబ్బ చేతికిచ్చి పోయిండు. మూత బిగించిననో లేదో యాదికొస్తలేదు. ఎంత సోంచాయించినా యాదికొస్తలేదు."

"మరి ఇన్ని దినాలు అవ్వనెందుకు అన్నవ్?"

కుళాయి కట్టేసింది. తడి చేతులు అలాగే పట్టుకుని నిలబడింది.

"మరెవర్ననాలె వదినా?"

నేను ఆమె చేతులు నా చున్నీతో తుడిచాను. ఇంకేం చేయగలను?

జయపాల్‌కు ఆ సంగతి ఆమె చెప్పిందో లేదో నేను అడగలేదు. అతను మాత్రం ఆ తర్వాత అన్నం తినడం మొదలుపెట్టాడు. పత్తి వైపు మళ్లీ పోలేదు. చేను కౌలుకిచ్చి భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతున్నాడు. వంటంతా షారోనే. అవ్వ పొయ్యి దగ్గరికి రాదు. కనీసం టీ పెట్టు అన్నా, నా చేతితోని వద్దులే అంటుంది. కంటికి ఆపరేషన్ చేయించాను. ఇప్పుడు బాగా కనిపిస్తుందట. కనిపించి ఏం లాభం అని మాత్రం నన్ను ఏనాడూ అనలేదు.

చలికాలం మొదట్లో మా మిషన్‌కు పైపులొచ్చాయి. మా మేనకోడలి పేరు చెప్పి సునంద మేడమ్ పై ఆఫీసులో గట్టిగా కొట్లాడారని తర్వాత తెలిసింది. మందుల నమూనాలు వచ్చాయి, నేర్పే మనిషి వచ్చాడు. నీలం కవరు తీసి మడతపెట్టింది నేనే. మొదట పరీక్షించింది మానుకోట దిక్కు ఒక హాస్టల్‌కు పోవాల్సిన కందిపప్పు. బస్తా వాసనగా ఉందని వంటామె కల్పన పట్టుబడితే పంపించారు. తెర మీద గీత ఒకచోట నిక్కి నిలబడింది. మందుంది. బస్తాలన్నీ ఆపేశారు. ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. ఎప్పటిలాగే అడిగింది.

"మిషన్ ఏమన్న నడుస్తున్నదా బిడ్డా?"

"నడుస్తున్నదవ్వా."

"అయ్యో, మంచిగాయె. ఎవరిదన్న తేలిందా?"

"తేలింది. హాస్టల్ పిల్లల పప్పుల మందున్నది. ఎవ్వరు తినకముందే ఆపినం."

"దేవుడు సల్లగుండ. పిల్లలు బతికిండ్రు." అవ్వ నిజంగానే సంతోషపడింది, గొంతులో తెలిసింది. "ఎన్ని దినాలు పట్టింది తేలనీకి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"పొద్దుగాల పెట్టినం. పొద్దుగూకెటాల్లకు చెప్పేసింది."

అవ్వ వెనకాల షారోన్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫోన్ కట్టయిందేమో అని చూసుకున్నాను. కాలేదు.

"ఒక్క పూటల్నేనా బిడ్డా?" అంది అవ్వ.